ఐరావతానికి వలదారం

ఉత్తరపు రేవులో ఓడలకు తాడు కట్టే పెద్దమనిషికి,

గవ్వలరేవు నుంచి కారి గురయ్య రాసుకునేది.

నా చేతిరాత చూసి కోప్పడకండి. నేను ఐదో తరగతి దాకా చదివాను. అందులో రెండేళ్ళు మూడో తరగతిలోనే ఉన్నాను. నలభై నాలుగేళ్ళు తాళ్ళు లాగిన వేళ్ళు ఇవి. కలం ఇస్తే అదీ తాడే అనుకుని బిగించేస్తాయి. మా మాస్టారు నా పలక చూసి, "ఇది రాతరా, పీత నడిచిన ఇసకరా?" అనేవారు. అప్పటి నుంచి నేను బాగుపడలేదు, పీతలే తగ్గాయి. తప్పులు చాలా ఉంటాయి. మీ దగ్గర భాషలు మార్చే చేతి మిషను దీన్ని చదివి మీ భాషలో చెబుతుందట. దానిక్కూడా నా తరఫున క్షమించమని చెప్పండి.

మీ పేరు నాకు తెలియదు. మీ ఊరి పేరు మా మేస్త్రి రెండుసార్లు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. మేస్త్రి అంటే మా రేవును నడిపే మిషను. పనులు పురమాయిస్తుందని మేమే ఆ పేరు పెట్టుకున్నాం.

సంగతేమిటంటే, మీ రేవుకు రావలసిన ఓడల జాబితాలో 'ఐరావతం' అని ఒకటి ఉంటుంది. పొడవు మూడు వందల పదకొండు మీటర్లని చూపిస్తుంది. దానికోసం మీరు లావు తాళ్ళు బయటికి తీయక ముందే ఈ కాగితాలు చదవాలి. నా రోజుపుస్తకంలోంచి ఎత్తి రాశాను. మీకు అర్థం కావాలని అక్కడక్కడ మాటలు కలిపాను. ఎండ, గాలి, నా మోకాళ్ళ సంగతి చాలావరకు వదిలేశాను.

ఓడ లేని 71వ రోజు

పొద్దున ఆరింటికి జెట్టీ మీదికి వెళ్ళాను. చేసే పనేమీ లేదు. అయినా ఇంట్లో కూర్చుంటే ఒట్టి ముసలాణ్ణి, జెట్టీ మీద కూర్చుంటే ఉద్యోగిని. తాళ్ళు తగిలించే ఇనుప గుంజలకు గ్రీజు పూశాను. నిన్నటి గ్రీజు నిన్నటిలాగే ఉంది. దాని మీదే పూశాను. ఒక కాకి వచ్చి వాలి, కాళ్ళు అంటుకుపోతే నన్ను తిట్టి ఎగిరిపోయింది.

ఇదివరకు తూర్పు దేశాల నుంచి పడమటికి పోయే ఓడలు మా ముందునుంచే పోయేవి. నూనెకో, మంచినీళ్ళకో, మరమ్మతుకో ఆగేవి. ఇప్పుడు మీ సముద్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటోంది. అందుకని భూమి నెత్తి మీదుగా పోతున్నాయి. దగ్గర దారి. నేను ఓడనైనా అలాగే పోతాను.

రేవు మెట్లు నా చిన్నప్పుడు పదహారు కనిపించేవి. ఇప్పుడు తొమ్మిది. మిగతా ఏడూ మీ మంచు కింద ఉన్నాయి. మీ మంచు మా దగ్గరికి వచ్చింది, మా ఓడలు మీ దగ్గరికి వెళ్ళాయి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే కాబోలు.

ఓడల్లో మనుషులు లేరు, రేవుల్లో మనుషులు లేరు. మనమిద్దరం ఎందుకున్నామో మీకు తెలుసు. తాడు బిగిసిందని ఒక మనిషి వేలిముద్ర వేస్తే తప్ప ఓడ వచ్చినట్టు కాదు. ఎప్పటిదో చట్టం. తీసేయడం మరిచిపోయారు. ఆ మరుపు మీద నేను బతుకుతున్నాను.

స్తంభం మీద మైకులోంచి మేస్త్రి మాట్లాడింది. "గురయ్య గారూ, నేటి ఓడలు సున్నా. నా కెమెరాల మీద ఉప్పు పేరుకున్నది. దయచేసి తుడవగలరు."

నలభై మెట్ల నిచ్చెన. రేపు తుడుద్దాం అనుకున్నాను. పైకి ఏమీ అనలేదు. నేను మాటలు తక్కువ మనిషిని. అరవై రోజులుగా రేపే తుడుస్తున్నాను.

పదింటికి, ఇక ఎండలో ఉండొద్దని సైరను మోగింది. ఇంటికి వచ్చేశాను.

ఓడ లేని 74వ రోజు

కాసులమ్మ వదిన చేపలు ఎండబెడుతూ పిలిచింది. మా అన్న భార్య. అన్న పోయి పదేళ్ళయింది. రేవు పక్కనున్న మా గవ్వలపేటలో సముద్రం వైపు మొదటి వరసలో ఆమె ఇల్లు. నా పెళ్ళినాటికి అది మూడో వరస.

"మరిదీ, ఇసకోడ ఎల్లిపోద్దంట గదా?"

"ఊఁ."

"ఊఁ అంటే ఎల్లిపోద్దనా, ఎల్లదనా?"

"తొంభయ్యో రోజున."

"ఈలోగా ఒక్క ఓడొచ్చినా ఆగిపోద్దేటి?"

"ఊఁ."

"నీతో మాటాడ్డం కన్నా ఈ ఎండుసేపతో మాటాడ్డం మేలు. అదైనా నోరు తెరుసుకుని ఉంటాది."

ఇసక ఓడ అంటే మా రేవు మొగలో, అంటే ఓడలు లోపలికి వచ్చే దారిలో, పేరుకునే ఇసకను తోడి, లావుపాటి గొట్టంతో గవ్వలపేట ఒడ్డున కక్కే ఓడ. రేవుకు అది మొగ శుభ్రం చేసుకోవడం. పేటకు మాత్రం అదే ప్రాణం. రేవు కోసం సముద్రంలోకి రాళ్ళకట్ట కట్టిన నాటి నుంచి నీళ్ళు తెచ్చే ఇసక కట్ట దగ్గరే ఆగిపోతుంది. పేటకు రాదు. ఈ ఓడ కక్కిందే మా ఒడ్డు. ఒక ఏడు అది మరమ్మతుకు పోయి తుఫాను కాలమంతా రాలేదు. ఆ నాలుగు నెలల్లో రెండు వరసల ఇళ్ళు పోయాయి. రెండో వరసలో మాదొకటి. గొప్ప ఇల్లేమీ కాదు, తలుపు మాత్రం మంచి తలుపు.

తొంభై రోజులు ఓడ ముట్టని రేవును మూసేయాలని రూలు. మూసేస్తే ఇసక ఓడను మీ వైపు పంపేస్తారు. మీకు కొత్త రేవులు తవ్వాలట. అప్పుడు వదిన ఇల్లు ఒక్క తుఫానుకాలం కూడా నిలవదు. అది ఆమెకూ తెలుసు. అందుకే ఎండుచేపల్ని అన్నిసార్లు తిరగేసింది.

ఓడ లేని 78వ రోజు

తవిటయ్య బావ వచ్చాడు. మా చెల్లెలి మొగుడు. పడవలు చేసే వడ్రంగి. చేయి మంచిది. నోరు ఇంకా మంచిది.

మా పేటలో ఒక ఆచారం ఉంది. వలకు చేపలు పడనప్పుడు చిన్న పడవ ఒకటి చేసి గంగమ్మ తల్లికి సముద్రంలో వదులుతాం. నిజం పడవకు ఏవేవి ఉంటాయో అన్నీ దానికి ఉండాలి. తెడ్డు, లంగరు, వల, పొయ్యి, పొయ్యి మీద కుండ. ఏ లోటూ ఉండకూడదు. లోటుతో ఇస్తే తల్లి లోటే తిరిగి ఇస్తుందంటారు. వదిలిన పడవ ఒకవేళ వెనక్కి వస్తే దాన్ని ఒడ్డుకు ఎక్కించకూడదు. ఎవరి ఒడ్డుకు వస్తే వాళ్ళు మళ్ళీ తోసేయాలి.

"బావా, పడవిత్తే పడవే ఇత్తాది తల్లి. మనకి గావాల్సింది ఓడ. ఓడే సేసి ఇద్దాం," అన్నాడు తవిటయ్య.

"ఊఁ."

"కొలతలు నువ్వు సెప్పు. ఇన్నేళ్ళు ఓడల కాళ్ళకాడ కూకున్నోడివి."

చెప్పాను. ముక్కు ఇంత, తోక ఇంత, తాడు బయటికి వచ్చే కన్నాలు ఇక్కడ అని. నేల మీద బొగ్గుతో గీశాను. నాకు తెలియకుండానే గంటసేపు మాట్లాడానట. చెల్లెలు లోపల్నుంచి వచ్చి ఎవరో కొత్తవాళ్ళు వచ్చారనుకుని తొంగి చూసింది.

ఓడ లేని 82వ రోజు

ఓడ తయారైంది. ఆరు మూరల పొడవు. తెల్ల రంగు, ఎర్ర చార. చక్రం, చిమ్నీ, లంగరు, వంటగది, వంటగదిలో వేలెడంత రుబ్బురోలు. నిజం ఓడల్లో రుబ్బురోలు ఉండదని నేను చెప్పలేదు. బావ అంత ముచ్చటపడి చెక్కాడు.

పైకప్పు మీద ఎండతో కరెంటిచ్చే ఎండ పలక అతికించాడు, దీపం ఆరకుండా ఉండడానికి. దీపం పక్కన ఒక నల్ల పెట్టె బిగిస్తున్నాడు.

"అదేంటి?"

"పేరు సెప్పే పెట్టి. అసలోడకి ఇది ఉంటాదా, ఉండదా?"

ఉంటుంది. ప్రతి ఓడా తన పేరు, పొడవు చెప్పుకుంటూ పోయే పెట్టె అది. దాన్ని బట్టే రేవులు గుర్తుపడతాయి. ఇది ఐరావతం అనే పెద్ద ఓడది. పదిహేనేళ్ళ కిందట ఆ ఓడను మా దక్షిణపు ఒడ్డున ముక్కలు చేశారు. బావ అప్పుడు ఏరుకొచ్చిన సామానులో ఇదొకటి.

"లోటు ఉండకూడదు గదా మరి," అని స్క్రూ తిప్పాడు.

"అది ఇంకా మాట్లాడతాదా?"

"నీకన్నా ఎక్కువే మాటాడతాది."

నన్ను వెక్కిరించాడనుకున్నాను. ఎప్పుడూ చేసే పనే కాబట్టి ఆలోచించలేదు. నలభై నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాడు ఆలోచించవలసిన ఒకే ఒక్క సంగతి అది.

ఓడ లేని 84వ రోజు

పొద్దున ఓడను వదిలాం. పేటంతా వచ్చింది. డప్పులు, పసుపునీళ్ళు, కోడి. తల్లిని నోరు తెరిచి అడగవలసింది పేటలో పెద్ద తాడుమనిషి. మిగిలిన తాడుమనిషిని నేనొక్కణ్ణే కాబట్టి పెద్ద కూడా నేనే. పోటీ లేకుండా గెలిచాను.

నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాను. డప్పులు ఆపారు. నాలుగు వందల మంది నా వీపు చూస్తున్నారు. రాత్రంతా బట్టీపట్టిన మాటలు ఒక్కటీ రాలేదు.

"ఒక ఓడ, తల్లీ," అన్నాను. అంతే. వెనక్కి వచ్చేశాను.

వదిన నెత్తి కొట్టుకుంది. "అదేటి అడగడం? ఎలాంటి ఓడ, ఎంత ఓడ, ఎప్పుడు, సెప్పొద్దేటి? సంతలో వంకాయలైనా అలగ అడగరు!"

ఓడ తూర్పుకు తిరిగి అలలు దాటింది. దీపం కాసేపు కనిపించింది.

ఓడ లేని 87వ రోజు, తర్వాత ఓడ వచ్చిన రోజు

రెండూ ఒకటే రోజు. పుస్తకంలో ఎలా రాయాలో తెలియక రెండూ రాశాను.

గంజి తాగుతున్నాను. మేస్త్రి మైకు పేటంతా వినపడేలా మోగింది. "గురయ్య గారూ, శుభవార్త. ఐరావతం అను ఓడ రేవు మొగలో ప్రవేశించినది. పొడవు మూడు వందల పదకొండు మీటర్లు. మూడవ జెట్టీకి వచ్చుచున్నది. తాళ్ళకు సిద్ధము కండి."

గంజి అక్కడే వదిలి పరిగెత్తాను. పరుగంటే నా పరుగే. దారిలో ఒక మేక నన్ను దాటిపోయింది. యూనిఫారం చొక్కా తిరగేసి తొడుక్కున్నానని జెట్టీ మీదికి వెళ్ళాక తెలిసింది.

నీళ్ళ మీద ఏమీ లేదు. మూడు వందల మీటర్ల ఓడ ఎక్కడ దాక్కుంటుంది? అంచుకు వెళ్ళి కిందికి వంగాను. మెట్ల దగ్గర తెల్లగా ఏదో టకటకమని కొట్టుకుంటోంది. ఎర్ర చార. చిమ్నీ.

అప్పుడు అర్థమైంది. పెట్టె మాట్లాడుతోంది. ఐరావతాన్ని ముక్కలు చేసినవాళ్ళు దాని చావు కాగితం ఎవరికీ పంపలేదు. చచ్చిపోయినా రేషను కార్డులో పేరున్నవాళ్ళలాగ అది మేస్త్రి పుస్తకంలో బతికే ఉంది.

వదిన, బావ రొప్పుకుంటూ వచ్చారు. పేట వెనకాల వస్తోంది.

"ఓడేదిరా?" అంది వదిన. చూపించాను. ఆమె నోరు తెరిచింది. ఏ మాటా రాలేదు. ఆమెకలా కావడం నేను చూడడం అదే మొదటిసారి.

బావ గొణిగాడు. "తిరిగొచ్చేసినాది. తల్లికి నచ్చలేదు."

"ఒడ్డుకెక్కించకండర్రా, తోసీండి!" అన్నారు వెనకనుంచి ఎవరో.

మేస్త్రి మళ్ళీ అంది. "నా కెమెరాలపై ఉప్పు ఉన్నందున ఓడను చూడలేకపోవుచున్నాను. తాళ్ళు కట్టి వేలిముద్ర వేయగలరు. మీ వేలే ఆధారము."

నా వేలు. ఇన్నేళ్ళలో ఒక్క దొంగ ముద్ర వేయలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కంగారులో ఓడను తీసుకెళ్ళి దీపస్తంభానికి కట్టాను, స్తంభం వంగిపోయింది. అది తప్పు. అబద్ధం మాత్రం కాదు.

వదిన తేరుకుంది. "మరిదీ, ఎనభై నాలుగో రోజున తల్లినేటడిగినావు?"

"ఒక ఓడ."

"ఇచ్చినాదా, లేదా? ఎంత ఓడని నువ్వే సెప్పలేదు. ఇప్పుడు పెద్దది గావాలంటే ఆవిడేటి సేత్తాది?"

"తిరిగొచ్చింది ఒడ్డుకెక్కించకూడదు, వదినా."

"ఎక్కించమన్నానేటి? నీళ్ళలోనే కట్టు. ఓడల్ని నువ్వు ఒడ్డుకెక్కించి కడతావేటి?"

మా లావు తాడు నా తొడంత ఉంటుంది. వేస్తే ఓడ మునుగుతుంది. బావ దగ్గర వలదారం ఉంది. తొమ్మిదో మెట్టు మీద కూర్చుని కట్టాను. ముక్కుకు రెండు, తోకకు రెండు, మధ్యలో అడ్డంగా రెండు. ఒక్క తాడూ తగ్గించలేదు. మొదటి తాడు ముక్కుదే. మెట్టు అంచున ఉన్న ఇనుప కొక్కేనికి బిగించి, లాగి చూశాను. బిగిసింది.

వేలిముద్ర వేసే మేస్త్రి పలకలో ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది, మీకూ అదే అనుకుంటాను. తాడు బిగిసిందా? ఓడ ఎంత ఉందని అది అడగదు. నేను చెప్పలేదు. నేను మాటలు తక్కువ మనిషిని.

వేలు పెట్టాను. వేలికున్న తడికి ముద్ర చెదిరింది. రెండోసారి పెట్టాను.

"ధన్యవాదములు. గవ్వలరేవు మూసివేత నిలిపివేయబడినది," అంది మేస్త్రి. పేటంతా అరిచింది. నేను దారాల ముడులు మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాను.

మర్నాడు

నిద్ర పట్టలేదు. పొద్దున్నే మెట్ల దగ్గరికి వెళ్ళి ఓడను చూస్తూ కూర్చున్నాను. దీపం వెలుగుతోంది.

"గురయ్య గారూ, ఐరావతం బయలుదేరు సమయమైనది. తరువాతి రేవు పేరు చెప్పగలరు."

ఏ రేవు పేరు చెబితే ఆ రేవువాళ్ళను ఇందులోకి లాగినట్టే. ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను.

"సమాధానము లేనందున, ప్రస్తుతము ఓడలన్నియు వెళ్ళుచున్న రేవునే నమోదు చేయుచున్నాను. ప్రయాణము ముప్పై రెండు రోజులు."

అదే మీ రేవు. మిమ్మల్ని ఎంచుకున్నది నేను కాదు. నాకు నోరు లేకపోవడమే ఎంచుకుంది.

తాళ్ళు విప్పాను. బావ పడవకు కట్టి రాళ్ళకట్ట దాటించి లోతు నీళ్ళలో వదిలాం. ఆచారం ప్రకారం తోసేయడమూ అయింది, మేస్త్రి ప్రకారం బయలుదేరడమూ అయింది. ఈ నెలల్లో మా నీళ్ళు ఉత్తరానికి నడుస్తాయి. ఓడ నిజంగానే మీ వైపు తిరిగింది.

"దారి తెలుసు దానికి," అన్నాడు బావ.

దారిలో 9వ రోజు

ఇసక ఓడ మొన్నటి నుంచి పని మొదలుపెట్టింది. గొట్టంలోంచి బురద, ఇసక, గవ్వలు పడుతున్నాయి. వదిన అరుగు కింద నిన్న నీళ్ళున్న చోట ఇవాళ కోళ్ళు తిరుగుతున్నాయి. తుఫాను కాలానికి ముందు ఇంకా మూడు నెలలు కక్కాలి. అప్పుడు ఆ వరస ఈ ఏడాదికి నిలుస్తుంది.

మేస్త్రి రోజూ పొద్దున ఐరావతం ఎక్కడుందో చెబుతోంది. పెట్టె పలుకుతూనే ఉంది. "వేగము గంటకు ఒక కిలోమీటరు. పొదుపు ప్రయాణముగా నమోదు చేశాను."

పేటలో జనం పొద్దున్నే మైకు కింద చేరుతున్నారు. కూతురు పురిటికి వెళ్ళినట్టు ఓడ క్షేమసమాచారం అడుగుతున్నారు. నన్ను చూసి దండం పెడుతున్నారు. నేను సందులోంచి పోతున్నాను.

దారిలో 18వ రోజు

మొన్నటి నుంచి పెట్టె పలకడం లేదు. చివరిసారి పలికినప్పుడు ఒడిశా వైపు ఏదో ఒడ్డుకు ఆనుకుని ఉంది.

పొద్దున మేస్త్రి మైకు మోగింది. అందరూ ఉన్నారు.

"ఐరావతం పేరు నలభై ఎనిమిది గంటలుగా వినబడుట లేదు. మునిగినట్లు నమోదు చేసి విచారణకు పంపవలెను. చివరిగా తాడు కట్టిన మీ సమ్మతి అవసరము. పది నిమిషములలో సమాధానము లేనిచో సమ్మతిగా తీసుకొందును."

విచారణ అంటే మనుషులు వస్తారు. వచ్చి మెట్లు చూస్తారు, వలదారం చూస్తారు. రేవు మూస్తారు. ఇసక ఓడ గొట్టం చుట్టేసుకుంటుంది.

ఊరుకుంటే సమ్మతి. నాకు జీవితంలో బాగా వచ్చిన పని ఊరుకోవడం ఒక్కటే. దానితోనే పెళ్ళయింది, ఉద్యోగమయింది, ఓడ వచ్చింది. ఇవాళ అదే ఓడను ముంచబోతోంది.

వదిన నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె కళ్ళు ఇంటి వైపు వెళ్ళి వచ్చాయి.

"మరిదీ. ఊఁ అన్నావంటే సంపేత్తాను. నోరు తెరు."

మైకు స్తంభం దగ్గరికి వెళ్ళాను. నాలుగు వందల మంది ఈసారి నా ముఖం చూస్తున్నారు. వీపే నయం అనిపించింది.

"మునగలేదు," అన్నాను.

"ఆధారము?"

"ఏ లోటూ లేకుండా చేశాం. తాళ్ళు నేను చూశాను. అది దారిలో ఉంది. ఆలస్యమైంది. ఆలస్యమైనదాన్ని రాలేదనకూడదు. అలాగంటే మా రేవుకి ఈ డెబ్బై, ఎనభై రోజులు రావలసిన ఓడలన్నీ మునిగినట్టేనా? నేను రోజూ గ్రీజు రాస్తూ కూర్చోలేదా? నువ్వు కూడా కూర్చో."

మేస్త్రి అంది. "ఇది మీరు నాతో పలికిన అన్నిటికన్నా పొడవైన మాట. నమోదు చేశాను. ఐరావతం, దారిలో ఉన్నది."

వెనక్కి వచ్చి కూర్చున్నాను. కూర్చున్నది గ్రీజు పూసిన గుంజ మీద. లేస్తే పంచె రాలేదు. పేట నవ్విన నవ్వు మీకు వినిపించే ఉంటుంది.

కానీ రాత్రి బుర్రలో ఒకటే. తాడు బిగిసిందన్నది నిజం. అది దారిలో ఉందన్నది నాకు తెలియదు. తెలియకుండా చెప్పాను.

దారిలో 20వ రోజు

పొద్దున మేస్త్రి చెప్పింది. పెట్టె పలికింది. చివరిసారి పలికిన ఒడ్డుకు రెండు కిలోమీటర్ల అవతల, లోతు నీళ్ళలో ఉంది. ఉత్తరానికే పోతోంది.

బావా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఒడ్డున పడిన ఓడ దానంతటది తిరిగి పోదు. మూడు వరసల అలలు దాటాలి. ఎవరో దాన్ని ఇసకలో చూశారు. పడిపోయిన పెట్టెనో, ఎండ పలకనో సరిచేశారు. మెడలోతు నీళ్ళలోకి ఎదురు నడిచి తోశారు. వాళ్ళ భాష మాకు రాదు. ఆచారం వాళ్ళకూ ఉందన్నమాట.

వదిన నాకు చేపల పులుసు పంపింది. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

అయ్యా, అదీ సంగతి.

ముప్పై రెండో రోజున మీ రేవు మిషను మిమ్మల్ని అడుగుతుంది. ఐరావతం రాలేదా, దారిలో ఉందా అని. మీరు వేలు పెట్టాలి. రాలేదని పెడితే విచారణ మా దగ్గరికి వస్తుంది. అలా పెట్టినా నేను తప్పు పట్టను. వేలు మీది. నా వేలితో నేను చేసినదానికి మీ వేలును తాకట్టు పెట్టమని అడిగే మనిషిని కాను. అడగాలన్నా నాకు సిగ్గు. ఉన్నది ఉన్నట్టు రాశాను. అంతే.

ఇది ఎల్లకాలం చెల్లదని నాకు తెలుసు. ఇసక ఇంకా కొన్నాళ్ళు పడితే ఈ తుఫాను కాలానికి వదిన ఇల్లు నిలుస్తుంది. ఆ తర్వాత నేనే వెళ్ళి నిచ్చెన ఎక్కి మేస్త్రి కళ్ళు తుడిచి, జరిగింది చెబుతాను. మోకాళ్ళకు ఇప్పటి నుంచే నూనె రాస్తున్నాను.

మిమ్మల్ని ఒకటి అడగాలని ఉంది. మీ రేవు కట్టకముందు అక్కడ మంచు మీద బతికినవాళ్ళు ఎటు వెళ్ళారు? వాళ్ళలో మీరు ఒకరా? చలికి మీ బొటనవేలు కూడా పగులుతుందా? మేము కొబ్బరినూనెలో మైనం కలిపి రాస్తాం.

ఓడ మీ దగ్గరికి రావడానికి రెండేళ్ళు పట్టవచ్చని మేస్త్రి లెక్క. ఒకవేళ వస్తే లావు తాడు వేయకండి, మునిగిపోతుంది. వలదారం చాలు. మొదటి తాడు ముక్కుకు కట్టండి. ఒడ్డుకు మాత్రం ఎక్కించకండి. వంటగదిలో రుబ్బురోలు చూసి నవ్వుకున్నాక మళ్ళీ లోతుకు తోసేయండి. మా వైపు తిప్పి తోస్తే ఇంకా మేలు.

ముప్పై రెండో రోజుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. అందుకని జవాబు తొందరగా రాయండి. రెండు మాటలు చాలు. చదువుకోవడానికి నాకు అంతకన్నా ఎక్కువ వద్దు. మేస్త్రితో చదివించుకోలేను కదా.

ఇట్లు,
కారి గురయ్య,
తాడుమనిషి, మూడో నంబరు జెట్టీ,
గవ్వలరేవు